నూట పన్నెండో ఫోటో

తోర్మోడ్ ఊపిరి బిగబట్టి కెమెరా మీట నొక్కిపట్టాడు. ఆరు సెకన్లపాటు అది టపటపా కొట్టుకుంది. వేలు తీసి, ఎడమచేతిలోని స్టాప్‌వాచ్ నొక్కాడు. కెమెరా వెనక ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తీసిన నూట ఎనభై ఫోటోలూ మెమరీ కార్డు మీదికి ఎక్కేదాకా ఆ దీపం ఆరదు. అది ఎంత తొందరగా ఆరితే కార్డు అంత చురుకైనదన్నమాట. కార్డు నుదుటిమీద కంపెనీవాళ్లు ఏ అంకె ముద్రించినా సరే, నలభై రెండేళ్లుగా ఆ కెమెరాల షాపులో నిలబడి పనిచేస్తున్న తోర్మోడ్ నమ్మేది మాత్రం ఆ దీపాన్నే.

"ఫోటోలో నోరు తెరుచుకుని పడ్డానా?" అంది కిటికీ పక్క కుర్చీలోంచి అతని భార్య ఒడ్నీ, అల్లిక మీంచి తలెత్తకుండానే.

"నువ్వు మూసింది ఎప్పుడని?"

"నే మూస్తే ఈ షాపులో మాట్లాడేవాళ్లెవరు? ఎంతొచ్చింది?"

"నాలుగున్నర సెకన్లు."

"పరవాలేదు, గట్టిదే."

ఒడ్నీ అల్లిక ఒళ్లో పెట్టుకుని, ఒక చిన్న తెల్లచీటీ మీద ఆ అంకె రాసి, కార్డు తాలూకు ప్లాస్టిక్ డబ్బీకి అంటించింది. చీటీ ఎప్పుడూ డబ్బీకే, కార్డుకి కాదు. కార్డు మీద కాగితం అతికిస్తే అది కెమెరా గొంతులో చేపముల్లులా ఇరుక్కుంటుంది. అందుకని డబ్బీలోంచి తీశాక కార్డులన్నీ ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. పరీక్ష కావలసినవి గాజు బల్ల మీద నల్ల ఉన్నిగుడ్డకి ఎడమవైపున, అయినవి కుడివైపున, బళ్లో పిల్లల్లా వరస తప్పకుండా పడుకుని ఉంటాయి. ఇవాళ పొద్దున్నే ఇరవై వచ్చాయి.

తోర్మోడ్ కార్డుని కెమెరాలోంచి తీసి, కంప్యూటరుకి తగిలించిన, కార్డులు చదివే రెండు రీడర్లలో ఒకదానిలోకి తోశాడు. ఇది రెండో పరీక్ష. కార్డు మొదటి గది నుంచి చివరి గది దాకా కంప్యూటరు ఏదో ఒకటి రాసుకుంటూ పోతుంది. నిండాక మళ్లీ మొదటినుంచీ చదివి సరిచూసుకుంటుంది. పదిహేను నిమిషాలు పడుతుంది. బజార్లో దొంగ కార్డులు ఎక్కువయ్యాయి. పైన పటారం, లోన లొటారం. కొండంత అంకె వేసి, లోపల గుప్పెడు చోటు పెట్టి అమ్ముతున్నారు. నిండా నింపి చూస్తే తప్ప ఆ మోసం బయటపడదు. అలా నింపాక మాత్రం, అంతకుముందు ఆ కార్డు మీద ఏమున్నా సరే, తిరిగి రప్పించడం బ్రహ్మతరం కూడా కాదు.

అంతకుముందు ఉండేది ఒడ్నీయే. ఖాళీ గోడని ఫోటో తీస్తే కెమెరాకి పనేమీ ఉండదు. పోగుపోగూ కనబడే ఉన్ని బట్ట, నెరిసిన జుట్టు, ముడతలు, ఇలాంటివి ఎదురుగా ఉంటేనే ఫోటో బరువెక్కుతుంది, కార్డు సత్తా తెలుస్తుంది. పద్నాలుగేళ్ల కిందట మొదటిసారి తోర్మోడ్ ఈ పరీక్ష మొదలెట్టినప్పుడు ఎదురుగా ఆమే ఉంది, ఉన్ని స్వెట్టరు వేసుకుని పార్సిళ్లు కడుతూ. అప్పట్నించీ ఆమే. "నా ముడతలే మీ షాపుకి ఆధారం," అంటుంది ఆవిడ. నిజంగానే, లోకంలో ఏ మహారాణినీ అన్నిసార్లు ఫోటో తీసి ఉండరు. రోజుకి వెయ్యి, రెండు వేలు. తీసినవి తీసినట్టే పదిహేను నిమిషాల్లో మాయం.

ఫిల్ము రోజుల్లో ఇలా కాదు. ముప్పై ఆరు తీస్తే ముప్పై ఆరూ మిగిలేవి, కళ్లు మూసుకున్నవి కూడా. అప్పట్లో షాపు వెనకగదిలో ఫోటోలు కడిగే యంత్రం ఉండేది, దాని ముందు ఒడ్నీ ఉండేది. ఓలెసుండ్ అనే ఆ రేవు ఊళ్లో పెళ్లిళ్లు, పురుళ్లు, కొత్త పడవలు, కాపురాల్లో పొరపొచ్చాలు అన్నీ ఆమె వేళ్ల మధ్యనుంచే వెళ్లాయి. ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ల తోర్మోడ్ కొత్తగా పనిలో చేరిన రోజున తడి నెగెటివ్ మీద బొటనవేలు వేస్తే, ఆ పిల్ల అందరిముందూ అతన్ని గాడిద అంది. మూడేళ్లకి పెళ్లి చేసుకున్నారు. పిల్లలు కలగలేదు. ఫిల్ము పోయింది, యంత్రం పోయింది, ఆమె సగం పూట పనికి దిగింది, కిందటేడు అదీ మానింది. అయినా రోజూ అతనితో కారెక్కి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. గుండె నీరసించిపోయింది. సాయంత్రానికి పాదాలు పొంగి బూట్లు పట్టవు. వేసవి దాటితే గొప్పేనని ఏప్రిల్లో డాక్టరు, ఇద్దరి మొహాల్లోకీ చూడకుండా, బల్లతో చెప్పింది.

"ఇవాళైనా తీస్తావా?" అంది ఒడ్నీ.

తోర్మోడ్ తెర మీద కదులుతున్న ఆకుపచ్చ గీత వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె అడిగేది ఏమిటో అతనికి తెలుసు. కిందటి శుక్రవారం నుంచీ అడుగుతోంది. ఆ రోజు చర్చిలో వాళ్ల స్నేహితురాలు ఔద్ అంత్యక్రియలు జరిగాయి. అందరికీ పంచిన పాటల కాగితం ముందుపేజీ మీద ఔద్ ఫోటో వేశారు. ఎవరిదో గుంపు ఫోటోలోంచి కత్తిరించింది. ఔద్ భుజం మీద ఎవరిదో ఒంటరి చెయ్యి. "పాటలు పాడుతున్నంతసేపూ, ఆ చెయ్యెవరిదా అనే ఆలోచించాను," అంది ఒడ్నీ ఇంటికొచ్చాక. "నాకలా వద్దు, తోర్మోడ్. పెళ్లిఫోటో అసలే వద్దు. ఆ పిల్లెవరో నాకే తెలీదు. ఇప్పటి మొహం కావాలి, నువ్వు తీసింది కావాలి. ఒక్కటి. తీసి, ఉంచు."

"మధ్యాహ్నం ఎండొచ్చాక," అన్నాడు తోర్మోడ్.

బయట వాన. వీధికి అవతలి మేడ అంచుల మీద సముద్రపు కొంగలు గూళ్లు కట్టుకుని, ఊరు తమదేనన్నట్టు ఒకటే గోల. మే నెలాఖరు. జాతీయదినానికి అద్దాల వెనక పెట్టిన జెండాలు ఇంకా తియ్యలేదు. ఆవేళ తొడుక్కున్న తగరపు గుండీల నీలం స్వెట్టరే ఒడ్నీ మళ్లీ ఇవాళ తొడుక్కుని వచ్చింది. సంచీలో లిప్‌స్టిక్ కూడా పెట్టుకుంది. పొద్దున కారెక్కించేటప్పుడు తోర్మోడ్ ఆ రెండూ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

పదిన్నరకి షాపు యజమాని ఎండ్రె లోపలికొచ్చాడు. వాళ్ల నాన్న కాలంలో ఈ బల్లకిందే పాకుతూ పెరిగినవాడు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. తడికోటు విదిలించి, రీడర్ల వైపు చూసి నిట్టూర్చాడు.

"ఇరవై కార్డులూ నింపి చూస్తావా ఏంటి? కంపెనీవాళ్లు చూసే పంపుతారయ్యా."

"చేపలమ్మేవాడు తన చేప కంపుకొడుతోందని ఎప్పుడైనా అన్నాడా?" అన్నాడు తోర్మోడ్.

"ఒడ్నీ, నువ్వైనా చెప్పు ఈయనకి."

"నేను చెపితే వినేవాడైతే నాకీ పాటికి ఒక్క ఫోటో అయినా ఉండేది," అంది ఒడ్నీ. ఎండ్రె నవ్వాడు. ఆ మాట తనకి కాదని అతనికి తెలీదు.

అతను వెనకగదిలోకి వెళ్లిన కాసేపటికి వోల్డా నుంచి గున్‌వోర్ అనే ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. భుజాన పెద్ద కెమెరా. రుండె దీవికి పక్షుల ఫోటోలు తియ్యడానికి పోతోంది. ముక్కుకి రంగులేసుకున్న ఆ పొట్టి పక్షులు సాయంత్రం కొండకి తిరిగొస్తాయి, బాణాల్లా వస్తాయి.

"అన్నిట్లోకీ పెద్ద కార్డు ఒకటివ్వండి. అన్నీ ఒకదాంట్లోనే ఉంటే బెంగుండదు," అంది.

"ఒకదాంట్లోనే పోతాయి కూడా," అన్నాడు తోర్మోడ్. "మధ్యరకంవి రెండు తీసుకోండి. ఇదిగో, ఈ పెద్దంకె చూసి మోసపోకండి. ఇది చదివే వేగం. పక్షి ఎగురుతున్నప్పుడు మీ కెమెరా రాస్తుంది, చదవదు. రాసే వేగం ఇక్కడ, ఈ మూల, దోమకాలంత అక్షరాల్లో ఉంటుంది."

"అబ్బ, మరీ ఇంత చిన్నగానా!"

"సిగ్గుపడి. ఇంకొకటి, ఈ V పక్కన తొంభై చూశారా? ఎంత కష్టమొచ్చినా ఇంతకంటే కిందికి దిగనని కార్డు ఇచ్చిన మాట అది. మీకు కావలసింది ఆ మాట. సరే, ఇంట్లో రీడరు ఏముంది?"

ఆవిడ సంచీలోంచి ఒక నల్లటి పాత రీడరు తీసింది. తోర్మోడ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కార్డు వెనక్కి తిప్పి ఆమె ముందు పెట్టాడు.

"దీనికి రెండు వరసల బంగారు పళ్లున్నాయి. మీ రీడరుకి పై వరసే తెలుసు. సగం పళ్లతో అన్నం నమిలినట్టుంటుంది. వెయ్యి ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కించేసరికి కాఫీ చల్లారిపోతుంది, మీకు విసుగొస్తుంది, విసుగులో కార్డు మధ్యలో లాగేస్తారు. పోయిన ఫోటోల్లో సగం అలా పోయినవే."

"మీకెలా తెలుసు నేను లాగేస్తానని?"

"టీచర్లందరూ లాగేస్తారు," అంది ఒడ్నీ కుర్చీలోంచి. "మా అక్కా టీచరే."

ఆవిడ నవ్వుతూ రెండు వరసల రీడరే తీసుకుంది. కార్డు డబ్బీ మీద చీటీ చూసి, ఈ అంకేమిటని అడిగింది.

"మా ఆవిడ రాసింది," అన్నాడు తోర్మోడ్. "డబ్బీ మొత్తమ్మీద నిజం అదొక్కటే."

పన్నెండుకి వాన వెలిసింది. మైనం కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టెముక్కలు విప్పి, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకున్నారు. గోధుమరంగు జున్ను పెట్టిన ముక్కలో సగం తిని ఒడ్నీ మళ్లీ మడిచి పెట్టేసింది. అల్లేది తోర్మోడ్‌కే, చలికాలానికి మేజోళ్లు. ఒకటి పూర్తయింది, రెండోది మడమ దాకా వచ్చింది.

"శుక్రవారం అడిగాను. ఇవాళ బుధవారం," అంది.

"వెలుగు బాగుండాలిగా."

"శనివారం బాగుంది."

"శనివారం జనం."

"తోర్మోడ్." ఆమె ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. "రోజూ వేలకి వేలు తీస్తావు. ఒక్కటి ఉంచమంటే చేతులు రావేం నీకు?"

అతను కప్పులోకి చూశాడు. చెరిపేసే ఫోటోలో భయమేమీ లేదు. రేపు మళ్లీ తియ్యచ్చు. ఉంచుకునే ఫోటో అంటే, ఇక రేపు తీసేది లేదని ఒప్పుకోవడమే. ఆ ఒక్కటీ తీసిన రోజున ఆమె సగం వెళ్లిపోయినట్టే అతనికి అనిపిస్తోంది. అరవై ఆరేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా, తియ్యకపోతే జరగదేమో అనుకుంటున్నాడు.

"నీకు భయం," అంది ఒడ్నీ. కోపంగా కాదు.

"ఊఁ."

"నాకూ భయమే. అయినా లిప్‌స్టిక్ తెచ్చుకున్నాను."

అతను లేచి కప్పులు కడిగి వచ్చాడు. వచ్చి, "రెండున్నరకి ఎండ కుర్చీ మీదకొస్తుంది," అన్నాడు. "తీస్తాను. ఉంచుతాను."

రెండున్నరకి అవతలి మేడ కొప్పు దాటి ఎండ షాపులోకి దిగింది. ముప్పావుగంట ఉంటుంది, అంతే. తోర్మోడ్ కుర్చీని కొంచెం పక్కకి తిప్పాడు. ఎండ తిన్నగా మొహమ్మీద పడకుండా కిటికీకి పల్చటి కాగితం కట్టాడు. పొద్దుట్నించి పరీక్ష చేసినవి పోగా ఎడమవైపు ఇంకా తొమ్మిది ఉన్నాయి. వాటిలోంచి ఒకటి తీసి కెమెరాలో వేశాడు. ఒడ్నీ ఫోను అద్దంలో చూసుకుంటూ పెదాలకి రంగు రాసుకుంది.

"కళ్లజోడు తియ్యనా?"

"ఉంచు. లేకపోతే నువ్వని ఎవరు గుర్తుపడతారు?"

"సరే. తియ్యి." ఆమె పోలీసుస్టేషన్లో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది.

తోర్మోడ్ కన్ను ఆనించాడు. ఎడమచెయ్యి అలవాటుగా స్టాప్‌వాచ్ కోసం వెతికింది, దాన్ని ఆపుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఇన్ని లక్షలసార్లు ఈమెను తీశాడు గానీ, తీస్తున్నంతసేపూ అతను చూసింది గడియారాన్ని. ఇప్పుడు ఆమెను చూశాడు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. చెంపల కింద వదులైన చర్మం. కళ్లజోడు వెనక, ఎవరినీ లెక్కచెయ్యని ఆ బూడిదరంగు కళ్లు.

"నేను నెగెటివ్ మీద వేలు పెట్టిన రోజున నన్నేమన్నావో గుర్తుందా?"

"గాడిదన్నాను."

"అది కాదు. తర్వాత."

ఒడ్నీ ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ... గాడిదలకి బొటనవేళ్లుండవు, నువ్వు అంతకంటే హీనం అన్నాను," అని నవ్వడం మొదలెట్టింది. తోర్మోడ్ మీట నొక్కిపట్టాడు.

ఎర్రదీపం ఆరాక, కెమెరా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆరు సెకన్ల నవ్వు. ఒక్కొక్కటే జరుపుతుంటే ఆ నవ్వు కళ్ల దగ్గర పుట్టి, మెల్లగా పెదాల దాకా దిగి, మొహమంతా పరుచుకుంది. నూట ముప్పై దాటేసరికి దగ్గు వచ్చేసింది. ఒడ్నీ వెనక్కి జరిపింది, ఇంకా వెనక్కి జరిపింది, ఒకచోట ఆగింది.

"ఇది," అంది. "నూట పన్నెండోది. ఇందులో నేనున్నాను."

నిజంగానే ఉంది. తోర్మోడ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసుకో, కాగితం మీద నీ చెయ్యి రాకూడదు," అంది ఆమె. ఇద్దరూ నవ్వారు.

తోర్మోడ్ కార్డు బయటికి తీశాడు. దాని డబ్బీ ఒడ్నీ చేతిలో ఉంది, చీటీ రాస్తోంది. రాయడం అయ్యాక పెడదామని కార్డుని బల్ల మీద, ఉన్నిగుడ్డకి ఎడమవైపు పెట్టాడు. అంతలో తలుపు గంట గట్టిగా మోగింది.

వచ్చినతని పేరు ఆర్విడ్. రేవులో పనిచేస్తాడు. పని బట్టల్లోనే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. గుప్పిట్లో కార్డు పట్టుకుని ఉన్నాడు, చెమటకి అది తడిసింది.

"మా అమ్మాయి కన్ఫర్మేషన్ వేడుక ఆదివారం చర్చిలో జరిగింది. మా అమ్మ లోఫోతెన్ దీవుల నుంచొచ్చింది, తొంభై ఒక్కేళ్లు, మళ్లీ రాదు. అందరినీ తీశాను. ఇందాక కెమెరాలో ఏదో నొక్కాను, కార్డు ఖాళీ అని చూపిస్తోంది. మా ఆవిడకింకా చెప్పలేదు. చెపితే చంపుతుంది."

"తర్వాత దీంతో ఇంకేమైనా తీశారా?" అన్నాడు తోర్మోడ్.

"ముట్టుకోలేదు. ఒట్టు."

"అయితే బతికే ఉన్నాయి. కంగారుపడకండి. చెరిపినంతమాత్రాన పోవు. పుస్తకంలో విషయసూచిక చించేసినట్టు, అంతే. పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద ఇంకోటి రాస్తేనే పోతాయి. రాస్తే మాత్రం ఇక నేనూ ఏమీ చెయ్యలేను, ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఆ మాటలు కొన్ని వందలమందికి చెప్పి ఉంటాడు. చెబుతూనే ఆర్విడ్ కార్డుని మొదటి రీడరులో పెట్టి వెతికే పని మొదలుపెట్టాడు. రెండో రీడరు ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉంటే తోర్మోడ్ చేతికి తోచదు. ఆర్విడ్ మొహంలోకి చూస్తూ, ధైర్యం చెబుతూ, అతని కుడిచెయ్యి ఉన్నిగుడ్డ ఎడమవైపు నుంచి చేతికందిన కార్డు తీసి, రెండో రీడరులోకి తోసి, మీట నొక్కింది. పద్నాలుగేళ్లుగా రోజుకి పదిసార్లు చేసిన పనే. అతని కళ్లు అటు తిరగనే లేదు.

తెర మీద ఒక్కొక్క ఫోటో తేలసాగింది. తెల్ల అంగీలో పొడుగు పిల్ల. చర్చి మెట్లు. నల్ల శాలువా కప్పుకుని, పిట్టంత ఒక ముసలావిడ.

"అమ్మ!" అన్నాడు ఆర్విడ్. అంత మనిషీ బల్ల అంచు పట్టుకుని ఏడ్చేశాడు.

"తోర్మోడ్," అంది వెనకనుంచి ఒడ్నీ, మెల్లగా.

"ఒక్క నిమిషం," అన్నాడు తోర్మోడ్ వెనక్కి తిరక్కుండా.

రెండు వందల పన్నెండు ఫోటోలు దొరికాయి. ఒక్కటి కూడా చెడలేదు. వాటిని కొత్త కార్డులోకి ఎక్కించి, పాతదాన్ని ఇక కెమెరాలో పెట్టద్దని చెప్పి, తోర్మోడ్ అతన్ని తలుపుదాకా సాగనంపాడు. ఆర్విడ్ అతన్ని పక్కటెముకలు విరిగేలా కావలించుకుని వెళ్లాడు. అలాంటి రోజున తోర్మోడ్‌కి తన పని మీద ఎక్కడలేని ఇష్టం కలుగుతుంది.

"చూశావా, ఒడ్నీ? ముసలావిడ దొరికింది," అంటూ వెనక్కి తిరిగాడు.

ఎండ కుర్చీ మీంచి జారి ఆమె మోకాళ్ల దాకా దిగిపోయింది. గడ్డం గుండెలకి ఆని ఉంది. కునుకు పట్టిందనుకున్నాడు; మధ్యాహ్నాలు పడుతుంది. పెన్ను నేల మీద పడి ఉంటే వంగి తీశాడు. తీసి ఇస్తూ చేతిని తాకాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. తాకినదానికి ఏమీ అనలేదు, అంతే. కళ్లజోడు కొంచెం కిందికి జారింది. పెదాల మీద రంగు చెదరలేదు.

"ఒడ్నీ," అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత కుర్చీ పక్కన కూర్చుని, పొంగిన ఆ పాదాల మీద తల పెట్టుకున్నాడు. వెనకగదిలోంచి వచ్చిన ఎండ్రె అతన్ని అలా చూశాడు.

అంబులెన్సు వచ్చింది. చెయ్యవలసిందేమీ మిగల్లేదని ఒకమ్మాయి తోర్మోడ్ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఎండ్రె తలుపుకి 'మూసివేయబడింది' పలక తగిలించి, ఫోన్లు చేశాడు. ఆమెను తీసుకువెళ్లేటప్పుడు అల్లిక కింద పడింది. ఎండ్రె అది తీసి, సూదులతో సహా కుర్చీలో పెట్టాడు. ఆమె చేతిలో ఉన్న చిన్న డబ్బీని తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు.

"పద, నేను కారులో తీసుకెళ్తాను. కోటేసుకో."

"ఒక్క నిమిషం," అన్నాడు తోర్మోడ్. "ఫోటో ఉంది. తనది. తీసుకురావాలి."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కొంచెం కుదుటపడింది. ఆమె అడిగింది, ఆలస్యమైనా, చేశాడు. పాటల కాగితం మీద ఆ నవ్వు వస్తుంది. ఎవరి చెయ్యీ ఉండదు. అదొక్కటే ఊతంగా పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు.

డబ్బీ తెరిచాడు. ఖాళీ. అవును, కార్డు గుడ్డమీద పెట్టాడుగా. గుడ్డ వైపు చూశాడు. ఎడమవైపు ఎనిమిది కార్డులున్నాయి. ఒకదాన్ని పోలి ఒకటి. ఆమెది తొమ్మిదోది కావాలి. ఒక్కొక్కటీ కెమెరాలో పెట్టి చూశాడు. ఎనిమిదీ ముట్టనివే. మెల్లగా, వద్దు వద్దనుకుంటూ, తలతిప్పి తెర వైపు చూశాడు. ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్లి ఆగిపోయి ఉంది. కింద రాసి ఉంది: పరీక్ష పూర్తయింది. దోషాలు లేవు.

రెండో రీడరులోంచి కార్డు తీశాడు. వెచ్చగా ఉంది.

కెమెరాలో పెట్టాడు. ఫోటోలు లేవంది. మొదటి రీడరులో పెట్టి, ఆర్విడ్ వాళ్లమ్మను వెతికి తెచ్చిన పనే మళ్లీ మొదలెట్టాడు. దొరకవని ఈ ఊళ్లో అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసే వెతికాడు. గీత ఈ చివరనుంచి ఆ చివరకి పాకింది. సున్నా అంది. మళ్లీ వెతికాడు. సున్నా. ఎండ్రె కోటు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏం జరిగిందో అతనికి ఎప్పుడు అర్థమైందో గానీ, తొందరపెట్టలేదు, దగ్గరికీ రాలేదు.

"నేనే చెరిపాను," అన్నాడు తోర్మోడ్. "ఉంచుతానన్నాను. ఉంచుతానని నా నోటితో అన్నాను, ఎండ్రె. పిలిచింది. తిరగలేదు."

బయట కొంగలు గోలచేస్తున్నాయి. కుర్చీ మీంచి ఎండ పూర్తిగా పోయింది.

మూడోసారి కూడా సున్నా వచ్చాక తోర్మోడ్ కార్డుని బయటికి తీసి, డబ్బీలో పెట్టి, టిక్కుమని మూశాడు. కోటు తొడిగించుకుని, లైట్లు ఆర్పి, ఎండ్రె వెనకే బయటికి నడిచాడు.

లైట్లార్పినా చీకటిపడని ఆ షాపులో, గాజు బల్ల మీద డబ్బీ అలాగే ఉంది. లోపల ఒక్క దోషమూ లేని కార్డు, పైన తెల్లచీటీ మీద, ఎప్పుడూ వేగం రాసే చోట, ఒడ్నీ వాలురాత: నూట పన్నెండు. ఇది ఉంచాలి.